సూరమ్మ పులుసు

అనగా అనగా, ఏటికి ఇంకా తొందరంటే తెలియని కాలంలో, ఆ ఏటి ఒడ్డున పైడయ్య అనే మేదరి ఉండేవాడు. బుట్టలల్లడం అతని పని. గాలం వేయడం అతని సరదా. అతను అల్లిన బుట్టలో నీళ్లు పోసినా కారవని చెప్పుకునేవారు. గాలానికి మాత్రం ఒక్క చేపా పడేది కాదు.

వానపామును గుచ్చాడు. ఎండ్రకాయ వచ్చింది. పిండిముద్ద పెట్టాడు. నాచు వచ్చింది. రొయ్యను పెట్టాడు. రొయ్యా పోయింది, చేపా రాలేదు. పక్కన కూర్చున్నవాళ్లు బుట్టెడేసి చేపలు పట్టుకెళ్తుంటే పైడయ్యకు ఒళ్లు మండేది. ఆ బుట్టలు కూడా తను అల్లినవే మరి.

అయినా రేవు వదిలేవాడు కాదు. పొగమంచులో ఏరూ ఆకాశమూ ఒక్కటైపోయేవి. గాలానికి కట్టిన బెండు మబ్బుల మీద తేలుతున్నట్టుండేది. దాన్నే చూస్తూ చూస్తూ తనెక్కడున్నాడో మరిచిపోయేవాడు.

అతను గడప దాటగానే భార్య సూరమ్మ చింతపండు నానబెట్టేది. తిరిగి రాగానే ఎదురొచ్చి అడిగేది.

“పడిందేటి మావా?”

“నేదే.”

“పోన్లే. సింతపండు నానింది కదా.”

ఆ చింతపండుతోనే ఇన్ని ఉల్లిపాయలేసి పులుసు పెట్టేది. రేపు పడుతుందని నిజంగానే నమ్మేది, పిచ్చితల్లి.

అలా ఏళ్లు గడిచాయి. సూరమ్మ మంచం పట్టింది.

“నువ్వు పట్టిన సేప పులుసు ఒక్కపాలి తినాలనుంది మావా,” అంది. మంచం మీద నుంచే చింతపండు నానబెట్టింది.

పైడయ్య ఏటికి పరుగెత్తాడు. వానపామును గుచ్చాడు. పిండిముద్ద పెట్టాడు. రొయ్యను పెట్టాడు. బెండు కదల్లేదు. పొద్దు వాలిపోయింది. అతని అవస్థ చూడలేక, వలేసే బెస్తవాడొకడు ఓ కొర్రమీను తెచ్చి చేతిలో పెట్టాడు.

సూరమ్మ దాని మూతిని వేళ్లతో తడిమి చూసింది.

“గాలం గుచ్చిన గాటు నేదేటి మావా?”

పైడయ్య తల దించుకున్నాడు.

“ఇచ్చీసి రా. నీ సేప ఇంకా ఏట్లోనే ఉంది,” అంది సూరమ్మ.

ఆ రోజూ ఉత్త పులుసే తాగి పడుకుంది. మళ్లీ లేవలేదు.

దినం అయ్యాక, ఇంట్లో ఉండలేక, పైడయ్య గాలం పట్టుకుని ఏటికెళ్లాడు. చేప మీద ఆశ లేదు. మంచులోకి చూస్తూ కూర్చున్నాడు. బెండు బుడుంగున మునిగింది. లాగితే మోచెయ్యంత చేప, మూతికి గాలంతో సహా.

పడుతూ లేస్తూ ఇంటికొచ్చి గడపలో నిలబడ్డాడు. ఎవరూ ఏమీ అడగలేదు. పొయ్యి చల్లగా ఉంది. అప్పుడేడ్చాడు పైడయ్య. సూరమ్మ పోయిననాడు కూడా అంతగా ఏడవలేదు.

పక్కింటి నీలమ్మ ఆ ఏడుపు విని వచ్చింది. అతన్ని చూసింది, చేపను చూసింది.

“పడిందేటి బావా?” అంది మెల్లగా.

“పడిందమ్మా.”

“అయితే ఉండు. సింతపండు నానబెడతాను.”

ఆ ఏటి ఒడ్డున ఇప్పటికీ ఎవరు గాలం తీసుకుని బయల్దేరినా ఇంట్లో చింతపండు నానుతుంది. ఉత్తచేతులతో వస్తే తిట్టరు, నవ్వరు. ఉల్లిపాయలేసి పులుసు పెడతారు. దానికి సూరమ్మ పులుసని పేరు. వెళ్లినవాడు ఒంటరివాడైతే పక్కింటివాళ్లే నానబెట్టి, వాడొచ్చే వేళకు వాడి గుమ్మంలో నిలబడతారు. పడిందేటని అడిగే మనిషి లేకుండా ఆ ఊళ్లో ఎవరూ ఏటి నుంచి ఇంటికి రారు.