ముళ్లకొమ్మ కింద గిట్టల గుర్తులు

గుండువాగు అడవిలో ఏనుగులు, దుప్పులు, నక్కలు, ఉడుములు, అడవిపందులు ఉండేవి. వాటికి ఒకరంటే ఒకరికి పెద్ద ప్రేమ లేదు గానీ, ఒక కట్టుబాటు మాత్రం ఉండేది. బాట మీద గొయ్యి తవ్వినవాళ్లు పోయేముందు దాని మీద ముళ్లకొమ్మ అడ్డం వేయాలి. చూడకుండా వచ్చినవాళ్లు కూడా ముల్లు గుచ్చుకుని ఆగిపోతారు.

అంత చిన్న పని కూడా చేయనిది ఒక పెద్ద అడవిపంది. "నన్ను చూసి అందరూ తప్పుకోవాలి గానీ, నేను కొమ్మలు మోసుకు తిరగాలా?" అనేది కోరలు ఎగరేస్తూ.

ఇప్పపూలు రాలే రోజులవి. ఒక ఉదయం పంది దుంపల కోసం బాట మధ్యలో లోతుగా తవ్వింది. కడుపు నింపుకుని తన దారిన తాను పోయింది. కాసేపటికి ఒక దుప్పి ఇప్పచెట్టు వైపు పరుగున వస్తూ ఆ గోతిలో పడింది. ముందుకాలు విరిగింది.

ఎలాగో పైకి పాకి, ఎండిన వాగు ఒడ్డున ఒక చెట్టు కింద కూలబడింది. నీళ్ల మడుగు చాలా దూరం. తోటి దుప్పులు లేత రెమ్మలు తెచ్చి వేశాయి గానీ, నీళ్లు ఎలా తెస్తాయి? దుప్పికి పాలు తాగే పిల్ల ఉంది. తల్లికి నీళ్లు లేకపోతే పిల్లకు పాలుండవు. కాలి నొప్పి కంటే దానికి ఆ భయమే ఎక్కువైంది.

"ఇలా ఊరుకుంటే ఎలా? వకీలును పెట్టుకో," అని తోటి దుప్పులు పుట్టలో ఉండే ఉడుమును పిలుచుకొచ్చాయి. ఉడుము పెద్ద మాటకారి కాదు. కాలు చూసింది. గొయ్యి ఎక్కడో అడిగింది.

"ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పమ్మా."

"నేను నెమ్మదిగా, కిందకి చూసుకుంటూ నడుస్తున్నాను వకీలుగారూ..."

"ఇప్పపూల వాసన తగిలాక నెమ్మదిగా నడిచే దుప్పిని నేనింతవరకు చూడలేదు," అంది ఉడుము.

దుప్పి తల దించుకుంది. "పూల మీదే చూపు పెట్టి పరిగెత్తాను. ఆ మాట చెబితే తప్పంతా నాదే అంటారేమోనని భయం."

"నా దగ్గర దాచింది అవతలి వకీలు బయటికి లాగితే కేసు పోతుంది. అడిగితే నిజమే చెప్పు."

అడవిలో తీర్పులు చెప్పేది ఏనుగమ్మ, అదీ పున్నమినాడు పగటిపూట. ఇంకా నాలుగు రోజులుంది. ఉడుము ఏనుగమ్మకు పంది మీద ఫిర్యాదు చెప్పి, దగ్గర్లోనే ఉన్న గొయ్యి దగ్గరకు వెళ్లింది. అప్పటికే దాని మీదకు ఎక్కడినుంచో ఒక ముళ్లకొమ్మ వచ్చింది! ఉడుము దాన్ని ముట్టుకోలేదు. పక్కనే నేలను కరుచుకుని పడుకుంది. మూడు రోజులైనా కదల్లేదు.

పంది తరఫు వకీలు నక్క. అది దుప్పి దగ్గరకు వచ్చి దుంపల కుప్ప పెట్టింది.

"మావాడు మంచి మనసుతో పంపాడు. ఈ మట్టిలో గిట్ట గుర్తు వేసి, నాకిక ఏ పేచీ లేదు అనెయ్. నీ వకీలును నమ్ముకున్నావా? అదిగో, ఎండ కాచుకుంటోంది చూడు!"

దుంపల్లో కాస్త తడి ఉంటుంది. పిల్ల ఆకలితో పొదుగును కుమ్ముతోంది. దుప్పి మంచికాలు ఎత్తింది.

"అమ్మా," అంది ఉడుము ఉన్నచోటు నుంచే. "ఆ కుప్ప రేపటికి అయిపోతుంది. నీ కాలు రేపటికి అతుకుతుందా?"

దుప్పికి ఏడుపొచ్చింది. అయినా గిట్ట వెనక్కి తీసుకుంది.

పున్నమినాడు ఏనుగమ్మ గొయ్యి దగ్గరకే వచ్చింది. నక్క గొంతు సవరించుకుంది.

"అమ్మగారూ, మావాడు కొమ్మ వేశాడు. మీ కళ్లెదుటే ఉంది. ఏం దుప్పీ, నువ్వు చూసుకోకుండా పరిగెత్తావా, లేదా?"

"పరిగెత్తాను," అంది దుప్పి.

నక్క మొహం వెలిగిపోయింది. అప్పుడు ఉడుము లేచింది. "అమ్మగారూ, ఆ కొమ్మను ఒక్కసారి ఎత్తి చూడండి."

ఏనుగమ్మ తొండంతో కొమ్మను ఎత్తింది. కింద మెత్తటి మట్టిలో దుప్పి గిట్టల గుర్తులు గోతి అంచు దాకా ఉన్నాయి.

"కొమ్మ ముందే ఉంటే దాని కింద గిట్టలెలా పడ్డాయి? ఇది దుప్పి పడ్డాక వేసిన కొమ్మ. ఎవరూ కదపకుండా ఇన్నాళ్లూ కాపలా కాశాను."

నక్కకు వేరే కేసేదో గుర్తొచ్చి మెల్లగా జారుకుంది.

"పూలు రాలితే దుప్పి పరిగెత్తుతుంది," అంది ఏనుగమ్మ. "చూసుకోకుండా పరిగెత్తేవాళ్ల కోసమే కదా ముళ్లకొమ్మ వేయమన్నది! నిలువు లోతు ఇసుక తవ్వే బలం పందికే ఉంది. దుప్పి కాలు అతికేదాకా అది రోజూ పొద్దున్నే ఈ వాగులో చెలమ తీసి నీళ్లు ఊరేలా చేయాలి."

మర్నాడు పొద్దున్నే పంది అందరూ చూస్తుండగా ఇసుక తవ్వింది. చెలమలో నీరూరింది. దుప్పి కడుపునిండా తాగింది. రెండు రోజులకు పొదుగు నిండింది. పిల్ల తాగి తాగి, నోట్లో పాల నురగతోనే తల్లిని ఆనుకుని నిద్రపోయింది.

కాలు కాస్త వంకరగానే అతికింది. అందుకు వానాకాలం దాకా పట్టింది. ఒక్క కొమ్మ వేయడమే బరువనుకున్న పంది అన్నాళ్లూ ఇసుక తవ్వుతూనే ఉంది.

నీతి: దెబ్బ తిన్నవారు నిజం దాచకూడదు, తొందరపడి రాజీ పడకూడదు.