శాస్త్రిగారి వడ్డన

చిత్రభాను మహారాజుకు ఏ పూట ఏ సందేహం వస్తుందో ఆయనకే తెలీదు. ఒకరోజు నిండు సభలో ఇలా అడిగాడు:

"మా రాణి రోజూ నా భోజనం అయ్యాకే తింటుంది. ముందు తినమంటే ఆకలి లేదంటుంది. ఆడవాళ్లకు ఆకలి తక్కువా?"

ఆస్థాన పండితుడు త్రిలోచనశాస్త్రి చటుక్కున లేచాడు. 'తెలీదు' అనే మాట ఆయన నోట పుట్టి ఎరగదు.

"అది స్త్రీ స్వభావం ప్రభూ! ఊళ్లో ఎందరినో, వాళ్ల భర్తల ఎదుటే అడిగి చూశాను. అందరిదీ ఒకటే జవాబు, ఆకలి లేదని. అంతఃపురానికి పంపే బియ్యం సగానికి తగ్గించినా వాళ్లకు లోటుండదు."

రాజు తలూపాడు. సభలో ఓ పక్కన నిలబడ్డ చెలికత్తె, రాణిగారి మనిషి నాగసాని గుండె గుభేలుమంది. ఇప్పటికే అడుగూబొడుగూ తిని బతుకుతున్న దాసీలకు ఇక గంజే గతి.

"ఒక్కరోజు ఆగండి ప్రభూ," అంది. "రేపటి విందులో శాస్త్రిగారిని వడ్డించమనండి. మా పద్ధతిలోనే సుమండీ! అందరూ లేచాకే ఆయన భోజనం."

"వడ్డనేమన్నా బ్రహ్మవిద్యా!" అంటూ శాస్త్రి అక్కడికక్కడే ఒప్పేసుకున్నాడు.

మర్నాడు ఆయన పప్పు తెచ్చేలోగా నెయ్యి అన్నారు, నెయ్యి తెచ్చేలోగా పులుసన్నారు. గుత్తివంకాయ ఘుమఘుమలకు నోరూరుతోంది. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. చివరికి గిన్నెలో ఒక్క వంకాయ మిగిలింది. రాజు చూపు కూడా దానిమీదే పడింది.

"శాస్త్రిగారూ, అది మీకు ఉంచమంటారా? ఆకలిగా ఉందా?"

పంక్తిలో అందరూ ఆయన్నే చూస్తున్నారు. శాస్త్రి గుటక మింగాడు.

"అబ్బే, నాకు ఆకలే లేదు ప్రభూ! మీరు కానివ్వండి."

నాగసాని చేతులు జోడించింది.

"చూశారా ప్రభూ! నిన్నటిదాకా మగవారే. గరిటె చేతికి రాగానే శాస్త్రిగారికీ స్త్రీ స్వభావం వచ్చేసింది!"

పంక్తంతా గొల్లుమంది. రాజు కూడా నవ్వబోయి, విసనకర్రతో పక్కనే నిలబడ్డ రాణివైపు తిరిగాడు.

"నిజం చెప్పు. నీకూ ఆకలేనా?"

"పెళ్లయిన మర్నాటి నుంచీ!" అంది రాణి.

రాజుకు సిగ్గేసింది. వంకాయ ముట్టకుండా లేచి, శాస్త్రి చేతిలోని గరిటె తనే అందుకున్నాడు. అంతఃపురానికి బియ్యం రెట్టింపు చేయమని ఆజ్ఞాపించి, మెడలోని ముత్యాలహారం తీసి నాగసానికి ఇవ్వబోయాడు.

"హారం ఎక్కడికీ పోదు ప్రభూ, ముందు విస్తళ్లు వేయించండి," అంది నాగసాని.

రాణి పకపకా నవ్వుతూ మొదటి విస్తరి ముందు కూర్చుంది. ఎవరూ పిలవకముందే శాస్త్రి రెండో విస్తరి ముందు చతికిలబడ్డాడు.