నూకాలమ్మ పాత బల్బు

అనగనగనగా, చింతపల్లి కొండల్లో చలికి ముడుచుకుని పడుకునే ఓ చిన్న ఊళ్ళో ఇద్దరు తోటికోడళ్ళు ఉండేవారు బుజ్జమ్మా. పెద్దామె నూకాలమ్మ, చిన్నామె సత్యవేణి. పక్కపక్క ఇళ్ళే, కానీ మాటల్లేవు.

ఎందుకంటావా? ఊరంతా తెల్లటి ఎల్ఈడీ బల్బులు పెట్టుకున్నా, కళ్ళు జిగేలుమంటాయని నూకాలమ్మ తన పసుప్పచ్చ పాత బల్బు మార్చలేదు.

"అక్కా, అది తినే కరెంటులో వెలుగయ్యేది చిటికెడే, మిగతాదంతా వేడే. అది దీపం కాదు, కుంపటి!" అని సత్యవేణి నలుగురిలో నవ్వేసింది. నూకాలమ్మ చిన్నబుచ్చుకుంది.

ఆ తర్వాత ఓ సాయంత్రం సత్యవేణి కోడిపెట్టని అడవిపిల్లి ఎత్తుకుపోయింది. అప్పుడే గుడ్లలోంచి బయటికొచ్చిన పిల్లలు, పాపం, తల్లి లేక గజగజ వణికిపోయాయి.

అప్పుడు సత్యవేణి వాటిని గంపలో గోనెపట్టా మీద పెట్టి, పైన తన కొత్త బల్బు వేలాడదీసింది. గంపంతా పట్టపగల్లా వెలిగింది. పిల్లలకి మాత్రం వెచ్చదనం తగల్లేదు.

అప్పుడు ఇస్త్రీపెట్టె వేడిచేసి పక్కన పెట్టింది. గోనెపట్టా మాడిన వాసన! గబుక్కున తీసేసింది.

ఇంతలో ఓ పిల్ల మెడ వాల్చేసింది. సత్యవేణికి ఏడుపొచ్చింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని, సిగ్గు చంపుకుని పక్కింటి తలుపు కొట్టింది.

"అక్కా... నీ బల్బు ఒక్కసారి ఇస్తావా?"

నూకాలమ్మ ఆ పిల్లని చూసింది. ఉన్న ఒక్క బల్బునీ ఆర్పి, కొంగుతో పట్టుకుని తిప్పి తీసేసింది. ఇల్లంతా చీకటైపోయింది.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి దాన్ని గంప మీద వేలాడదీశారు. "వేడి బయటికి పోనివ్వకూడదే," అంటూ నూకాలమ్మ గంప చుట్టూ, బల్బుకి తగలకుండా, పాత దుప్పటి చుట్టింది. కాసేపటికి వణుకు తగ్గింది. మెడ వాల్చిన పిల్ల కళ్ళు తెరిచి కిచకిచమంది!

అప్పుడు సత్యవేణి తన కొత్త బల్బు తీసుకెళ్ళి నూకాలమ్మ ఇంట్లో పెట్టింది. నూకాలమ్మ బియ్యం చేట ముందుకి లాక్కుని చూసి, "ఓసినీ, ఇన్నాళ్ళూ ఇన్ని రాళ్ళు తిన్నానా!" అంది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

ఈకలొచ్చాక పిల్లలు రెండు పెరళ్ళలోనూ తిరిగాయి. ఏది ఎవరిదని ఎవరూ అడగలేదు.

కథేమో కంచికి, కునుకేమో కంటికి,
చలేమో కొండకి, బుజ్జమ్మ నా పక్కకి.