ఇప్పచెట్టు కొమ్మలు నూటయాభై

అనగనగా కొండవాగు పక్కన ఒక అడవి. ఆ అడవిలో ఒక ముసలి ఇప్పచెట్టు ఉండేది. ఒక గాలివానకు అది కూలిపోయింది. అడవంతా కన్నీళ్లు పెట్టుకుంది.

కొన్నాళ్లకు ఆ చెట్టు మోడులోంచి ఒక చిగురు లేచింది. ఇంతలో ఎండలు ముదిరాయి. వాగునుంచి నీళ్లు మోసి పోయాలి.

"చెట్టు సుఖం ఎక్కువ అనుభవించినవాళ్లు ఎక్కువ మోయాలి," అన్నాడు అందరికీ పెద్దయిన ముంగి తాత. ఆ ముంగిసకు లెక్కలంటే మహా ఇష్టం.

ఎలుగు మావ అన్నాడు: "నూటికి అరవై కొమ్మల పూలు నేనే తిన్నాను తాతా."

"నూటికి యాభై కొమ్మల మీద మా చిలకలే వాలేవి," అంది చిలకమ్మ.

"నూటికి నలభై కొమ్మల నీడ మా మందదే," అంది దుప్పి అక్క.

తాత కూడి చూశాడు. నూటయాభై వచ్చింది!

"చెట్టుకు నూరు పాళ్లే కదా! ఆ పైన యాభై ఎక్కడివి? మీరంతా అబద్ధాలకోరులు. చిగురును ముట్టుకోకండి!"

ఎలుగు మావ మొహం చిన్నబోయింది. "ఎక్కువ చెబితే ఎక్కువ మోయాల్సింది నేనే కదా తాతా. అబద్ధమెందుకు చెబుతాను?"

తాత వినలేదు. ముగ్గురూ వెళ్లిపోయారు.

ఇక తాతే సొరబుర్రతో నీళ్లు మోశాడు. పొట్టి కాళ్లు, పెద్ద ఎండ. దారిలోనే సగం ఒలికిపోయేవి. చిగురు ఆకులు ఒక్కొక్కటే వాడిపోయాయి.

ఒక సాయంత్రం తాత అలసిపోయి మోడు పక్కన కూలబడ్డాడు. చిన్ననాటి పొద్దు ఒకటి కళ్లముందు కదిలింది. ఎలుగు మావ వాళ్లమ్మ కొమ్మ ఊపుతోంది. అదే కొమ్మ మీంచి చిలకలు కీచుమంటూ లేచాయి. అదే కొమ్మ నీడలో పడుకున్న దుప్పిపిల్ల మీద తెల్లటి పూలు జలజలా రాలాయి. అడవంతా తియ్యటి వాసన. తను పొట్ట పట్టుకుని నవ్వాడు.

తాత ఉలిక్కిపడ్డాడు. "అయ్యో! కొమ్మ ఒక్కటే. ముగ్గురికీ పనికొచ్చింది. నేను దాన్ని మూడుసార్లు లెక్కపెట్టాను!"

అప్పటికప్పుడు ముగ్గురి దగ్గరికీ పరుగెత్తాడు. "తప్పు నాదే. రండర్రా, చిగురు చచ్చిపోతోంది," అని బతిమాలాడు.

ముగ్గురూ వచ్చి నీళ్లు మోశారు. చిగురు ఒక పక్క అప్పటికే ఎండిపోయింది. రెండో పక్క మాత్రం నిలబడింది.

ఆ చిగురు చెట్టై పూసేనాటికి ముంగి తాత లేడు. తొలి పూలు రాలిన పొద్దున ఎలుగు మావ అడవిలోని పిల్లలందరినీ పోగుచేసి, "ఈ కొమ్మ ఎవరిదర్రా?" అని అడిగాడు.

"నాది!" అని అందరూ ఒక్కసారే అరిచారు.

"అవును, అందరిదీ నిజమే," అన్నాడు ఎలుగు మావ. అని, తాత కూర్చునే చోటు వైపు చూసి కళ్లు తుడుచుకున్నాడు.

నీతి: ఒకే మేలు పదిమందికీ అందితే వాటాల మొత్తం నూరు దాటొచ్చు. ఎదుటివాళ్లను అబద్ధాలకోరులు అనేముందు మన లెక్క సరిచూసుకోవాలి.