నల్ల నూతి చుట్టూ మూడు చుట్లు

అనగనగా ఆకాశంలో ఒక చుక్కల ఊరు. ఊరి నడిమధ్య ఒక నల్ల నుయ్యి. అందులో నీళ్ళుండవు. పడిన వెలుగు కూడా పైకి రాదు. ఏడాదికోసారి చుక్కలు దాని చుట్టూ మూడు చుట్లు తిరిగేవి. ముందొచ్చిన చుక్కకి పేరంటంలో మొదటి తాంబూలం.

పసిడి అనే బొద్దు చుక్క ఏటా ఆఖరున వచ్చేది. నూతికి దూరంగా పెద్ద చుట్టు తిరిగేది మరి. గుప్పెడంత ఉండే వజ్రాలు అనే చుక్క మాత్రం అంచు పక్కనుంచే గిర్రున చుట్టేసి వచ్చేది.

"పసిడొదినా, ఈసారైనా తాంబూలంలో ఆకులు వాడకముందు వస్తావా?" అంది వజ్రాలు.

పసిడికి ఒళ్ళు మండింది. "నేనూ దగ్గరనుంచే తిరుగుతా" అంది.

అప్పుడు ముసలి చుక్క కెంపమ్మ అడ్డుపడింది. "అది గట్టి గింజ. నువ్వు పొంగిన పూరీవి. నుయ్యి నీ ఇవతలి వైపుని గట్టిగా లాగుతుంది, అవతలి వైపుని మెల్లిగా లాగుతుంది. మధ్యలో నువ్వేం మిగులుతావే?"

"నువ్వు ఎన్ని తాంబూలాలు తీసుకోలేదు పెద్దమ్మా. నాకు ఒక్కటీ రాలేదు" అని పసిడి బయల్దేరింది.

మొదటి చుట్టు కాస్త దగ్గరగా తిరిగింది. జుట్టు నూతివైపు ఎగిరింది, అంతే.

ఆ తర్వాత రెండో చుట్టు ఇంకా దగ్గరగా తిరిగింది. గుండ్రటి పసిడి కోడిగుడ్డులా కోలగా సాగింది. అది చూసుకుని మురిసిపోయింది.

"సన్నబడ్డాను పెద్దమ్మా, చూశావా?"

"అది సన్నబడడం కాదే. ఇవతలికి రా."

"ఇంకొక్క చుట్టేగా."

ఆ తర్వాత మూడో చుట్టు. పసిడి వజ్రాల్ని దాటేసింది. ఊరంతా చూసింది. సరిగ్గా అప్పుడే నుయ్యి పట్టి లాగింది. పసిడి సేమియా పోగులా సాగి సాగి, నడిమికి తెగిపోయింది. సగం పోగు ఎటో దూరంగా ఎగిరిపోయింది. మిగతా సగం నూతికి చుట్టుకుని, తనలో తానే ఒరుసుకుని, భగ్గుమంది. ఊళ్ళో చుక్కలన్నీ కలిసినా అంత వెలుగు లేదు. నెలల తరబడి వెలిగి, మెల్లిగా ఆరింది.

ఆ ఏడు మొదటి తాంబూలానికి వజ్రాలు చెయ్యి చాపలేదు. కెంపమ్మ దాన్ని తీసుకెళ్ళి, పసిడి ఎప్పుడూ తిరిగే పెద్ద దారి పక్కన పెట్టింది.

ఆ వెలుగు నడిచి నడిచి ఎన్నో ఏళ్ళకి ఇక్కడికి వచ్చింది. డాబా మీద ఒక పిల్ల చూసి, "అమ్మమ్మా, కొత్త చుక్క పుట్టింది" అంది.

"పుట్టలేదే. మూడో చుట్టు తిరిగింది" అంది వాళ్ళ అమ్మమ్మ.

చుక్క పోయె నూతిలోకి,
కథ పోయె కంచిలోకి,
నువ్వు దూరు దుప్పట్లోకి.