కొంగు చాచిన నీవార

పూర్వం త్రేతాయుగంలో, వింధ్యకు దిగువన శంఖిని అనే నది ఒడ్డున, సుక్షేత్రుడనే కృషీవలుడు తన ధర్మపత్ని నీవారతో కాపురం ఉండేవాడు. ఆ దంపతులకు పెళ్లినాటి నుండి ఒక వ్రతం ఉండేది. పంట ఇంటికి రాగానే తిండిగింజల కన్నా ముందు విత్తనాలు ఏరి, ఊళ్లో విత్తనం లేని ప్రతి ఇంటి పేరునా ఒక కుండ నింపి, మూతికి గుడ్డ కట్టి, "ఇది మీది" అని ఆ ఇంటివారికి మాట ఇచ్చి, తొలకరి దాకా తమ అటక మీద దాచి, వాన పడినాక పంచి, ఆ తరువాతే తమ చేను విత్తుకునేవారు. ఎవరి నుండీ ఏదీ పుచ్చుకునేవారు కారు. అలా ఇస్తూ ఉండగానే వారి తలలు నెరిశాయి.

ఒకప్పుడు దేవేంద్రుడు మేఘాలను కట్టివేయగా ఊరి గాదెలన్నీ ఖాళీ అయ్యాయి. అటక మీది కుండలు మాత్రం మిగిలాయి. ఆ వేసవిలో జ్వాలకేశుడనే ముని తపస్సు ముగించి, ఆకలితో వచ్చి, వారి వాకిట నిలిచాడు. నీవార అర్ఘ్యపాద్యాలిచ్చి, తమ చేనికని ఉంచుకున్న కుండను దించి, దంచి, వండి వడ్డించింది. ముని ఆరగించి అటక వంక చూశాడు.

"గృహిణీ, ఆకలి తీరలేదు. ఇంకొక కుండ దించు."

సుక్షేత్రుడు నిచ్చెన మీద చేయి వేశాడు. నీవార ఆ చేయి పట్టుకుంది.

"అవి మావి కావు స్వామీ. ఇచ్చేశాము."

"నీ అటక మీద ఉన్నవి నీవి కాకపోవడమేమిటి?"

"మావే అయితే ఈపాటికి పొయ్యి మీద ఉండేవి. ఊరివాళ్ల సొత్తు మీకు పెట్టి, పుణ్యం మేము మూటగట్టుకోమంటారా?"

ముని కన్నులెర్రజేసి, కమండలువులోని నీరు చేతిలోకి తీసుకొని, "మీ చేలో గింజ మొలవకుండుగాక!" అని శపించి వెళ్లిపోయాడు.

"ఒక్క కుండ దించితే పోయేది," అన్నాడు సుక్షేత్రుడు.

"పోయేది. ఒకరి చేను కూడా పోయేది."

శాపానికి వెరవక ఊరి గింజను కాచిన ఆ ఇల్లాలిని చూసి ఇంద్రుడు మేఘాలను విడిచాడు. దంపతులు కుండలు పంచారు. ఊరంతా నారు లేచింది. వారి చేను బీడుగానే ఉంది.

పొరుగింటి మరాళి నారుకట్ట పట్టుకొచ్చింది.

"ఇది తీసుకో, అక్కా."

"ఈ ఇంట్లో పుచ్చుకునే ఆచారం లేదు, చెల్లీ."

"అబ్బో! నువ్వు ఇవ్వడానికి మా గడప తొక్కవచ్చు. మేమిస్తే నీ గడప మైలపడుతుందా?"

నీవార తలుపు మూసింది. పిమ్మట చేనికి వెళ్లి, మొలక లేని చాలులో కూర్చుని, వచ్చే ఏడు విత్తనం లేనివారికి ఏమిచ్చేదని ఏడ్చింది. అప్పుడు సర్వభూతధాత్రి అయిన భూదేవి ఆ చాలు నుండి వెలువడి, ఆమె ఎదుట నిలిచి ఇట్లా పలికింది.

"నీవారా, ముని మాటను నేను తిప్పలేను. ఇక్కడ గింజ మొలవదు. కాని ఇతరులు ఇచ్చిన నారు నాటితే వేరూనుకునేట్లు వరమిస్తున్నాను."

"అమ్మా, మేము పుచ్చుకోవడం ఎరగము."

"ఇన్నేళ్లూ నేను పండాను కదా. మీ చేతి నుండి గింజ పుచ్చుకోకుండా ఏనాడైనా పండానా?"

నీవార దేవికి మొక్కి, లేచి, తిన్నగా మరాళి వాకిటికి వెళ్లింది. మరాళి గుమ్మానికి ఆనుకొని, "ఏం అక్కా, దారి తప్పావా?" అంది.

"లేదే. నా చేనికి నారు లేదు. పెట్టు," అని నీవార కొంగు చాచింది.

మరాళి ఇక వేళాకోళం ఆడలేదు. వెళ్లి కట్ట తెచ్చి ఆ కొంగులో పెట్టి, వీధిలోకి తిరిగి కేక వేసింది. ఇంటింటి నుండీ నారు వచ్చింది. ఊరివారే చేలోకి దిగి నాటారు.

ముని మాట నిలిచింది. భూదేవి వరమూ నిలిచింది. ఆ ఏటి నుండి వానలు వేళకు కురిశాయి, దంపతులు తుదిదాకా ఇస్తూ, ఏటేటా ఊరి నుండి నారు పుచ్చుకుంటూ బ్రతికారు. ఈ కథ విన్నవారికి ఇచ్చేటప్పుడు చేయి, పుచ్చుకునేటప్పుడు కొంగు వెనుదీయకుండునట్లు ఆ భూమాత అనుగ్రహించుగాక.