నాగరత్నం విస్తరి

సాలూరు కొండల దిగువన ఉన్న ఆ ఆశ్రమంలో దీక్ష కోరి వచ్చినవారికి ఒకటే నియమం. నలభై రోజులు, ఒక్క పూట తప్పకుండా, అందరితో కలిసి పంక్తిలో కూర్చుని భోంచేయాలి. ఒక పూట తప్పినా లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది.

నాగరత్నం లెక్క మూడుసార్లు మొదటికి వచ్చింది.

ఆమెకు ముప్పై ఏళ్ళు. బొబ్బిలిలో బట్టలు కుట్టేది. ఆమెకు గోధుమ పడదు. అందులో ఉండే గ్లూటెన్ చిటికెడు కడుపులోకి వెళ్ళినా నాలుగు రోజులు మంచం దిగలేదు. ఆ సంగతి వచ్చిన రోజే చెప్పింది.

పద్దెనిమిదేళ్ళుగా అక్కడ వండుతున్న శిష్యుడు విరూపాక్షం ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. ఆమె కోసం గిన్నెలు, గరిటెలు, జల్లెడ కొత్తవి తెచ్చాడు. డబ్బాల మీది చిన్న అక్షరాలను భూతద్దం పెట్టి చదివాడు. ఇంగువలో గోధుమపిండి కలిపారని అలాగే కనిపెట్టి, దాన్ని వంటింట్లోంచి గెంటేశాడు. స్టీలు పళ్ళేల్లో మిగతావాళ్ళు చపాతీలు తింటారని, ఆమె ఒక్కదానికే పట్నం నుంచి ఆకు ప్లేట్లు తెప్పించాడు. తిని పారేసేవి. ఎవరి చపాతీ అంటనివి.

అయినా మూడో లెక్కలో ఆరో రోజున ఆమె మళ్ళీ పడిపోయింది.

విరూపాక్షం ఆమె గది గుమ్మంలో నిలబడి అన్నాడు: "నాలుక కట్టుకోలేనివాళ్ళకి దీక్షెందుకమ్మా?"

ఆమె గోడవైపు తిరిగి పడుకునే జవాబిచ్చింది. "నా పెట్టె ఎతుక్కో అన్నా. తాళం కూడా లేదు."

అతను వెతికాడు. పెట్టెలో నాలుగు చీరలు, ఒక కత్తెర ఉన్నాయి. అక్కణ్ణుంచి నేరుగా గురువు దగ్గరికి వెళ్ళాడు. ఆమె పేరు సత్యవ్రతమ్మ. అందరూ పెద్దమ్మ అంటారు. గుమ్మడి పాదుకు నీళ్ళు పోస్తోంది.

"ఆ అమ్మాయిని పంపించెయ్యండి పెద్దమ్మా. దొంగతిండి తింటోంది."

"నువ్వు చూశావా?"

"చూడక్కర్లేదు. నా వంటలో గోధుమ రవ్వంత లేదు, ఒట్టు. అన్నీ వెతికాను. ఇక మిగిలింది ఆమే."

పెద్దమ్మ చెంబు కింద పెట్టింది. "ఆమెకు వడ్డించినట్టే నాకూ వడ్డించు. అన్నం వద్దు. చారు చాలు."

అతను కొత్త ఆకు ప్లేటు వేసి, పొగలు కక్కే చారు పోశాడు. పెద్దమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"చల్లారిపోతోంది పెద్దమ్మా."

"ఆమె భోజనానికి ఎంతసేపు పడుతుంది?"

"పావుగంట."

"అయితే కూర్చో."

పావుగంట గడిచింది. పెద్దమ్మ చారును పాదులోకి వంచేసి, ప్లేటు అంచున గోరు పెట్టింది. ఆకు పొరలా లేచొచ్చింది. దాని కింద అట్ట ఉంది. ఆకుకూ అట్టకూ మధ్య తెల్లటి జిగురు కరిగి కారుతోంది. దాన్ని వేలితో తీసి విరూపాక్షం చేతికి రాసింది.

అతను రెండు వేళ్ళు కలిపాడు. అంటుకున్నాయి. వాసన చూశాడు. పదహారేళ్ళప్పుడు అతను పార్వతీపురం గోడల మీద సినిమా పోస్టర్లు అంటించేవాడు. ఆ జిగురును బకెట్లకొద్దీ ఉడికించాడు.

"ఏమిటది?" అంది పెద్దమ్మ.

"మైదా."

"దేంతో చేస్తారు?"

"గోధుమతో," అన్నాడు విరూపాక్షం.

సోమవారం సంతలో అతను అడ్డాకు విస్తర్లు అమ్మే ముసలామె ముందు కూర్చుని, ఒక్కో విస్తరినీ ఎండకు ఎత్తి చూశాడు. వీటిలో పిండి జిగురు వాడతారా అని అడిగాడు. ఆమె పక్కనున్న మనిషిని మోచేత్తో పొడిచి నవ్వింది. "ఆకుని ఆకుతో కలపడానికి పిండెందుకు బాబూ, పుల్లుంటే సాలదా?"

తిరిగొచ్చి ఆశ్రమమంతా మళ్ళీ వెతికాడు. ఈసారి డబ్బాల మీది రాతలు కాదు, వస్తువులనే తడిపి చూశాడు. ప్రసాదం పొట్లాల కాగితానికి అదే జిగురు. అప్పడాలు ఒత్తే పీట చపాతీల పీటే. రెండూ బయటికెళ్ళాయి.

నాగరత్నం నాలుగోసారి లెక్క మొదలుపెట్టింది. ఆరో రోజు దాటింది. పదో రోజు దాటింది. ఇరవయ్యో రోజుకు ముఖంలో రంగొచ్చింది. ముప్పయ్యో రోజుకు ఆమె రవికెలు ఆమెకే బిగుతయ్యాయి. కత్తెర తీసి కుట్లు విప్పుకుంది.

నలభయ్యో రోజు చివరి పూట పంక్తిలో అరవై మంది ఉన్నారు. ఎవరూ ముద్ద ఎత్తలేదు. అందరూ ఆమెనే చూస్తున్నారు. నాగరత్నం చివరి మెతుకు తిని, విస్తరి తుడిచి, తల ఎత్తింది. పంక్తి ఈ చివర నుంచి ఆ చివర దాకా చప్పట్లు. ఎవరో శంఖం అందుకుని ఊదేశారు. అది భోజనాల వేళ ఊదేది కాదు. అయినా పెద్దమ్మ వారించలేదు.

విరూపాక్షం అన్నం గిన్నెతో ఆమె ఎదుట ఆగిపోయాడు. "నిన్ను దొంగ అన్నానమ్మా."

"ఆ రోజు నాకెంత ఒళ్ళు మండిందంటే అన్నా, ఎలాగూ మాట పడ్డాను గదా, ఓ బన్ను తినేద్దునా అనుకున్నాను."

పంక్తి పకపక నవ్వింది. అతను నవ్వలేదు. కళ్ళు తుడుచుకుని పెద్దమ్మవైపు తిరిగాడు.

"నాకేం శిక్ష వేస్తారో వెయ్యండి పెద్దమ్మా."

"అటు చూడు," అంది పెద్దమ్మ. "ఆమె విస్తరి ఖాళీగా ఉంది."